ట్రాకమ్మ గొంతు

జూన్ 3

ఒరేయ్ బంతీ,

ఇది నా చేతిరాతే, కంగారుపడకు. గొంతు ఆపరేషన్ అయిపోయింది. లోపల కాయల్లాంటివి లేచాయని చెప్పాను చూడు, అవి తీసేశారు. ఆగస్టు దాకా నోరు విప్పొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. గుసగుస కూడా పనికిరాదట. గుసగుసలాడితే గొంతు ఇంకా ఎక్కువ కష్టపడుతుందట, ఎవరికి తెలుసు!

ఫోన్‌లో మెసేజ్ పెట్టొచ్చు కదా అంటావు. పెడితే నువ్వు సగం చదివి బొటనవేలి బొమ్మ పంపిస్తావు. ఆ బొమ్మ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఉత్తరమైతే కూర్చుని చదవాలి, కూర్చుని జవాబు రాయాలి. కాస్త నీకూ ఒళ్ళు వంగుతుంది.

మీ బావ నాకో పలక కొనిపెట్టారు. లిఫ్టులు బాగుచేసి ఇంటికొచ్చే మనిషికి భార్య మాట్లాడకపోవడం ఎంత హాయిగా ఉందో మొహంలో దాచుకోలేకపోతున్నారు. పలక మీద పోట్లాడటం ఎంత కష్టమో నీకు తెలీదురా. "కాఫీలో చక్కెర ఎక్కువైంది" అని రాసి చూపించేలోగా ఆయన తన కప్పు కడిగేసి వెళ్ళిపోతున్నారు. రాసేసరికి కోపం చల్లారిపోతుంది. చల్లారిపోయిందని మళ్ళీ కోపం వస్తుంది.

నీకు రెండు పనులు అప్పజెబుతున్నాను. మొదటిది అమ్మ. ఆపరేషన్ అన్న మాట చెవిన పడనివ్వకు. వింటే అన్నం మానేస్తుంది. పాటల బృందంతో ఊళ్ళు తిరుగుతున్నానని, ఫోన్లు సరిగ్గా అందవని చెప్పు. ఆగస్టులో నేనే ఫోన్ చేసి మాట్లాడతాను.

రెండోది నా పని. దాని గురించి నీకు కొత్తగా చెప్పేదేముంది గానీ, నోరు మూసుకుని కూర్చుంటే నాకే కొత్తగా కనిపిస్తోంది. పెద్దసారు సినిమా పాటకి బాణీ కట్టగానే ముందు నేను ట్రాకు పాడతాను. పెద్ద గాయని దాన్ని కారులో వింటూ నేర్చుకుని వచ్చి పాడుతుంది. ఆవిడ పాట అయిపోగానే నాది చెరిపేస్తారు. స్టూడియోలో నన్ను ట్రాకమ్మ అని పిలవడం అందుకే. నా పాట విని పాడినవాళ్ళున్నారు గానీ, నా గొంతున్న పాట బయట ఒక్కటీ లేదు. చెరిపేముందు మా చెవులాయన, అదే ఆ సౌండ్ ఇంజనీరు, దయతలచి ఇచ్చిన కాపీలన్నీ నీ కంప్యూటర్లోనే పడేశాను కదా, జాగ్రత్త.

ఇప్పుడు నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే ఆగస్టులో నన్ను లేచి రమ్మనేవాడు ఉండడు. నీ ప్రకటనల పాటలు కొన్ని ఆ స్టూడియోలోనే చేయిస్తావు, పెద్దసారు నీ మాట వింటాడు. నా చోటు పోకుండా చూడు. ఎలా చూస్తావో నీ ఇష్టం.

నోరున్నా లేని,
అక్క


జూన్ 11

అక్కా,

నీ ఉత్తరం రాగానే కూర్చుని చదివాను. ఇదిగో, కూర్చునే రాస్తున్నాను. నా దస్తూరి చూసి నవ్వకు. పెన్ను పట్టుకుని చాలా కాలమైంది, వేళ్ళు మొరాయిస్తున్నాయి.

బావని చూస్తే జాలేస్తోంది. ఆయన జీవితంలో ఇంత ప్రశాంతత ఒక్కసారిగా వస్తే తట్టుకోగలరా? మెల్లమెల్లగా అలవాటు చెయ్యాల్సింది.

అమ్మకి నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. "ఏ బృందం? ఏ ఊరు? ఎక్కడ పడుకుంటోంది, తిండి ఎవరు పెడుతున్నారు?" అని పోలీసు స్టేషన్లో అడిగినట్టు అడిగింది. అబద్ధం చెప్పమన్నప్పుడు అబద్ధానికి కావలసిన వివరాలు కూడా రాసి పంపాలక్కా. నువ్వు ఒక్క ముక్క చెప్పి వదిలేశావు. హాల్లో ఫోన్ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంటోంది పెద్దావిడ. మోగిన ప్రతిసారీ తనే ఎత్తుతోంది.

ఇక నీ కుర్చీ. పెద్దసారుతో మాట్లాడాను. నీ చోట్లో ఎవ్వరూ కూర్చోరు, నాది పూచీ. ఆగస్టు దాకా ట్రాకులు ఆగకుండా ఒక ఏర్పాటు చేశాం. ఆయనా సంతోషించాడు, చెవులాయనా సంతోషించాడు. ఒక ట్రాకు నీ ఫోన్‌కి పంపిస్తున్నాను. విని, ఎక్కడైనా తేడా ఉంటే రాయి. నీ చెవి మీద నాకున్న నమ్మకం ఇంకెవరి మీదా లేదు.

నా సంగతి అడగలేదు, అయినా చెబుతాను. గొడుగుల దుకాణంవాడు పొద్దున ఫోన్ చేసి సాయంత్రానికి పాట కావాలన్నాడు. గొడుగు అన్న మాట ఎక్కువసార్లు రావాలట. మధ్యాహ్నానికి ఇచ్చేశాను. ఏఐకి నాలుగు ముక్కలు రాసిస్తే చాలు, మద్దెలలూ వయొలిన్లూ అన్నీ అదే తెచ్చుకుంటుంది. వాడు విని, వాన మొదలైపోయినంత సంబరపడ్డాడు.

నీ నోటికి తాళం పడ్డందుకు లోలోపల సంతోషిస్తున్న,
తమ్ముడు


జూన్ 20

బంతీ,

ఆ ట్రాకు విన్నాను. ఎవర్రా ఆ పిల్ల?

బాగా పాడింది. అదే నాకు చిరాకు. బాగా పాడకపోతే హాయిగా నిద్రపోయేదాన్ని. కానీ నన్ను అనుకరిస్తోంది, గమనించావా? పైస్వరానికి పోయేముందు కిందనుంచి కాస్త జారి ఎక్కడం నా అలవాటు. చిన్నప్పుడు మాస్టారు చేతి మీద కొట్టి మాన్పించబోతే మానలేదు. అది ఆ పిల్ల అచ్చు దించేసింది. ఎక్కడ నేర్చుకుంది? నేను పాడుతుంటే చాటుగా వినేదా? ఒకసారి కోరస్‌కి వచ్చిన జడపిల్లేనా?

తప్పులు చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. ఊపిరి మాట మధ్యలో తీసుకుంటోంది. మనిషన్నవాడు మాట పూర్తయ్యాక ఊపిరి పీలుస్తాడు గానీ మాటని రెండు ముక్కలు చేసి మధ్యలో పీలుస్తాడా? ఇంకొకటి, అన్నీ ఒకే బలంతో పాడేస్తోంది. ట్రాకు పాడటమంటే మనం మెప్పించడం కాదని చెప్పు. వెనకాల వచ్చే గాయనికి దారి చూపించడం. కష్టమైన మలుపుకి ముందు కొంచెం నెమ్మదించాలి, అక్కడేదో ఉందని ఆవిడకి తెలియాలి. ఆవిడ ఊపిరి పీల్చుకోవలసిన చోట నేను కావాలని వినపడేలా పీలుస్తాను. ఆవిడ తన ఇష్టం వచ్చినట్టు అలంకరించుకునే చోట నేను ఖాళీగా, చదునుగా పాడి వదిలేస్తాను. ఇవన్నీ ఆ పిల్లకి చెప్పు. చెప్పాలని నాకు లేదు గానీ, నా కుర్చీలో కూర్చున్న మనిషి నా పరువు తీయకూడదు కదా.

ఇక నీ గొడుగుల పాట. పంపకపోయినా విన్నట్టే. ఇంట్లో మీ బావకి కొత్త పిచ్చి పట్టింది. వంటింట్లో కూరగాయలు తరుగుతూ ఏఐ పాటలు పెట్టుకుంటున్నారు. "లిఫ్టులో పాట వస్తుంటే ఎవరు పాడారని ఎవరైనా అడిగారా? మూడో అంతస్తు వచ్చిందా లేదా అనేదే చూస్తారు" అంటారు. నేను పలక మీద "నేను లిఫ్టుని కాను" అని రాసి చూపించాను. నవ్వి, ఉల్లిపాయ తరుగుతూ పోయారు.

వినడానికి బాగానే ఉంటున్నాయి, కాదనను. బాణీ చక్కగా నడుస్తుంది, ఎక్కడా తొట్రుపాటు లేదు. అయినా ఒకటి విన్నాక ఇంకొకటి గుర్తుండదు. నాకు నచ్చని చోట ఎవరిని తిట్టాలో తెలీదు. పెద్దసారు బాణీ నచ్చకపోతే ఆయన మొహం చూసి మూతి తిప్పుతాను, ఆయనకి కోపమొచ్చి మార్చి ఇంకా మంచిది కడతాడు. ఈ పాటలకి మూతి తిప్పడానికి మొహమేది?

అమ్మ ఎలా ఉంది? ఇంకా ఫోన్ దగ్గరే కూర్చుంటోందా? ఆ పిల్ల పేరేమిటో కూడా రాయి.

అక్క


జూన్ 29

అక్కా,

నువ్వు చెప్పినవన్నీ చెప్పాను. సర్దుకుంది. ఊపిరి ఇప్పుడు మాట మధ్యలో తీసుకోవడం లేదు. మలుపుకి ముందు నెమ్మదిస్తోంది, నువ్వు రాసినట్టే. పెద్దసారు విని "అచ్చం మన ట్రాకమ్మే" అన్నాడు. నీ చలవే. పేరు సంగతి తర్వాత చెబుతాను, పెద్ద కథ.

ఏఐ పాటల మీద నువ్వు రాసింది చదివి నాకు కోపమొచ్చింది, దాచుకోను. నీకు స్టూడియో ఉంది, సారు ఉన్నాడు, మూతి తిప్పడానికి మొహాలున్నాయి. నా దగ్గరికి వచ్చేవాళ్ళు చెప్పుల దుకాణాలు, పళ్ళ డాక్టర్లు, పిల్లల బడులు. వాళ్ళకి వయొలిన్ వాయించేవాళ్ళని తెచ్చే తాహతెక్కడిది? ఇదివరకు వాళ్ళకి పాటే ఉండేది కాదు. పళ్ళ డాక్టరు తన పాట విని తనే దగ్గరుండి అందరికీ వినిపిస్తున్నాడు, పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళకి కూడా. ఆ సంతోషం అబద్ధమా? మైకు వచ్చినప్పుడూ ఇలాగే అని ఉంటారు, అది లేకుండా పాడలేనివాళ్ళు పాటగాళ్ళే కాదని. ఇప్పుడు నువ్వు మైకు లేకుండా పాడతావా?

అమ్మ సంగతి. పోయిన వారమంతా నా ప్రాణం తోడేసింది. "కన్నతల్లికి ఒక్క ఫోన్ చెయ్యడానికి తీరిక లేదా? నామీద కోపమొచ్చిందా? పోయినసారి వచ్చినప్పుడు పప్పులో ఉప్పెక్కువైందన్నాను, అందుకా?" అని అదే పాట. సరిగ్గా తినడం మానేసింది. నాకు వేరే దారి కనిపించలేదు. నీ పాటొకటి వినిపించాను. విన్నంతసేపూ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఆ తర్వాత లేచి వెళ్ళి తనే వడ్డించుకుని తింది. ఇప్పుడు రోజూ వింటోంది. చిన్న ప్లేయరొకటి కొనిచ్చాను, మీట నొక్కడం కూడా నేర్చుకుంది. అమ్మ గురించి బెంగ పెట్టుకోకు.

నీ తమ్ముడు


జూలై 8

తమ్ముడుగారికి,

చెవులాయన నన్ను చూడటానికి పళ్ళు తీసుకుని వచ్చాడు. మీ బావ కుర్చీ వేశారు. ఆయన కూర్చోగానే "మీరు విశ్రాంతిగా ఉన్నా మీ గొంతు మాత్రం రోజూ డ్యూటీకి వస్తోందమ్మా" అన్నాడు, నవ్వుతూ. నేను పలక మీద "నేను పాడటం లేదు" అని రాశాను. ఆయన ఇంకా నవ్వాడు. హాస్యమనుకున్నాడు. "మీ తమ్ముడుగారు మీ పాత ట్రాకులన్నీ ఇచ్చారు కదమ్మా, కంప్యూటరుకి మీ గొంతు నేర్పించాం" అన్నాడు. సుద్దముక్క నా చేతిలో విరిగిపోయింది.

నా గొంతునే పిల్ల అనుకుని ఉడుక్కున్నానట్రా నేను! దాని మీద అసూయపడి, జడపిల్లని అనుమానించి, వంకలు పెట్టి, మెళకువలు నేర్పించాను. నేనిన్నాళ్ళూ ఎవరికీ చెప్పని సంగతులు, ఊపిరెక్కడ వినపడాలో, చదునుగా ఎక్కడ వదలాలో, అన్నీ నా చేత్తో రాసిచ్చాను. నువ్వు వాటిని పట్టుకెళ్ళి యంత్రానికి నూరిపోశావు. "చెప్పాను, సర్దుకుంది" అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? చదువుతూ నవ్వుకున్నావా?

నువ్వు ఏఐ గురించి రాసిన ఉపన్యాసం మళ్ళీ చదివాను. పళ్ళ డాక్టరుకి పాట కావాలి, చేసుకోనీ, నాకేం నొప్పి? ఎవరి గొంతూ కాని గొంతుతో ఎవడేం పాడించుకున్నా మూతి తిప్పుకుని ఊరుకుంటాను. నేను గొంతు కోయించుకుని నోరు మూసుకుని కూర్చున్నప్పుడు, నా గొంతు ఇంకెక్కడో నోరు తెరిచి పాడుతోందంటే నాకు కడుపు మండిపోతోంది. దీనికి నీ దగ్గరేమైనా మైకు కథ ఉందా?

అడగాల్సింది నన్ను. పలక నా చేతిలోనే ఉంది, అవునో కాదో రాయడానికి ఎంతసేపు పడుతుంది?

వెంటనే పెద్దసారుకి చెప్పి అది తీయించు. నువ్వు ఈ నెలరోజుల్లో చేసిన మంచి పని ఒక్కటే, అమ్మకి నా పాత పాట వినిపించడం. అందుకే ఈ ఉత్తరం ఇంతటితో ఆపుతున్నాను, లేకపోతే ఇంకా ఉంది.

అక్క


జూలై 17

అక్కా,

ఈ ఉత్తరం చాలాసార్లు మొదలుపెట్టి చించేశాను.

నవ్వుకోలేదు. ఒట్టు. నువ్వు "ఎవర్రా ఆ పిల్ల" అని రాసినప్పుడు ముందు నవ్వొచ్చిన మాట నిజం, కాదనను. తర్వాత చెబుదాం, తర్వాత చెబుదాం అనుకుంటూ ఉండిపోయాను. నువ్వే రాశావు కదా, ఎలా చూస్తావో నీ ఇష్టమని. నీ చోట్లో ఇంకో మనిషి కూర్చుంటే ఆ మనిషి లేవదు, అదే నీ గొంతే కూర్చుంటే నువ్వు రాగానే నీకు చోటిస్తుందనుకున్నాను. నాకు అది చాలా తెలివైన ఆలోచన అనిపించింది. ఇప్పుడు రాస్తుంటే అలా అనిపించడం లేదు.

పెద్దసారుకి ఫోన్ చేసి తీసెయ్యమన్నాను. "ఏం తియ్యాలి?" అన్నాడు. "మా అక్క గొంతు" అన్నాను. "మీ అక్క గొంతని ఎక్కడుంది? ఏ పాట మీదైనా ఆవిడ పేరుందా? మా బాణీలు, మా రికార్డింగులు, మీరే తెచ్చిచ్చారు" అన్నాడు. నిజమే కదా, అన్నీ చెరిపేశారు. కాపీలు నా దగ్గరున్నా వాటి మీద నీ పేరు లేదు, నీ గొంతు నీదని చూపించడానికి బయటికొచ్చిన పాట ఒక్కటీ లేదు. నేను కేకలేశాను. ఆయన చాలా మర్యాదగా "ఆగస్టులో అమ్మగారు రానీండి, కూర్చుని మాట్లాడుకుందాం" అని పెట్టేశాడు. ఆ మర్యాదకి నాకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది. మళ్ళీ చేస్తే ఎత్తడం లేదు.

ఇంకొకటి ఉంది. ఇది రాయకపోతే నన్ను నేనే క్షమించుకోలేను. అమ్మ విన్నది నీ పాత పాట కాదు.

నీ ట్రాకులన్నీ సినిమా పాటలే. ప్రియుడి కోసం ఎదురుచూడటాలూ, చందమామలూ. అవి విని అమ్మ "ఇది నా కోసం పాడింది కాదు కదా" అంది. అందుకని నేనే నాలుగు లైన్లు రాశాను. అమ్మా ఎలా ఉన్నావు, మందులు వేసుకున్నావా, మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకో, నేను త్వరగా వస్తాను, ఇలాంటివి. ఏఐకి ఇస్తే నీ గొంతుతో పాడింది. నువ్వే పంపావని చెప్పాను. తినడం మానేసిందక్కా. నువ్వు నా చోట్లో ఉంటే ఏం చేసేదానివి?

అమ్మకి ఇప్పుడు చెప్పమంటే చెబుతాను. రాయి. తిట్టు, కానీ రాయి.

బంతి


ఆగస్టు 21

బంతీ,

నీకు జవాబు రాయకపోవడం కోపంతోనే. అందులో దాచేదేమీ లేదు. మీ బావ "వాడు బాధపడుతుంటాడు" అన్నప్పుడల్లా పలక బోర్లించి పెట్టాను.

డాక్టరమ్మ నోరు విప్పమంది. మొదటి మాటకి మీ బావ ఎవరో పిలిచారనుకుని గుమ్మం వైపు చూశారు. గొంతు దిగిపోయిందిరా. కింద ఎక్కడో ఉండిపోయింది, కాస్త బొంగురుగా కూడా ఉంది. ఇది నయమయ్యేదాకానా అని అడిగాను. "నయమైపోయిందమ్మా, ఇదే ఇకమీద మీ గొంతు" అంది డాక్టరమ్మ. పైస్వరాలు రావట. మాట్లాడుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుందట.

అయినా స్టూడియోకి వెళ్ళాను. నా కుర్చీ ఖాళీగానే ఉంది, ఆ విషయంలో నువ్వు మాట నిలబెట్టుకున్నావు. దాని మీద ఎవరిదో తడి గొడుగు ఆరేసి ఉంది. చెవులాయన మైకు పెట్టాడు. కింది స్థాయిలోనే ఒక చరణం పాడాను. తప్పు లేకుండా పాడాను, అది నాకు తెలుసు. ఆయన తెర మీద ఇటు నన్నూ అటు ఆ యంత్రం గొంతునీ పక్కపక్కన పెట్టి విన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీలాగా లేదమ్మా" అన్నాడు. పాపం ఆయన మంచివాడే, మళ్ళీ మళ్ళీ విన్నాడు. పెద్దసారు గుమ్మంలో నిలబడి "పూర్తిగా కోలుకున్నాక రండి, తొందరేముంది, మీ పని ఆగలేదు కదా" అన్నాడు. కూర్చుని మాట్లాడుకుందామన్న మనిషి కూర్చోను కూడా లేదు. నేనెంత అరవాలనుకున్నా నా గొంతు అరవడానికి కూడా పైకి లేవలేదు.

బస్సులో ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే అమ్మకి ఫోన్ చేశాను. పగటి పూట నువ్వు పనిలో ఉంటావని తెలిసే చేశాను. అమ్మే ఎత్తింది.

"అమ్మా" అన్నాను.

"ఎవరమ్మా?"

"నేనే."

"నేనంటే ఎవరమ్మా? అబ్బాయి ఇంట్లో లేడు, పనిమీద వెళ్ళాడు."

లోకంలో అందరూ ఆవిడని అమ్మా అనే పిలుస్తారు కదా, కూరగాయలమ్మేవాడి దగ్గర్నుంచి. చెప్పబోయాను. ఆవిడ ఆగుతుందా? "మా అమ్మాయి కోసమా? పాటల వాళ్ళేనా మీరు? ఊళ్ళు తిరుగుతోందమ్మా, తీరిక లేదు. నీ గొంతేమిటి తల్లీ అలా ఉంది, జలుబా? గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పేసి పుక్కిలించు. మా అమ్మాయికి చిన్నప్పుడు అలాగే చేయించేదాన్ని, అందుకే దాని గొంతు అలా నిలిచింది. ఉండు, పెట్టెయ్యకు, వినిపిస్తాను."

ఫోన్‌ని ప్లేయరు దగ్గర పెట్టింది.

మొత్తం విన్నాను. మధ్యలో అరవొచ్చు, ఫోన్ పెట్టేయొచ్చు. ఆపలేకపోయాను. పాట బాగుందిరా. ఊపిరి సరిగ్గా నేను చెప్పిన చోటే ఉంది. మందులు వేసుకున్నావా అన్న దగ్గర కిందనుంచి కాస్త జారి ఎక్కింది. ఇన్నేళ్ళలో నా గొంతుని చెరపకుండా దాచుకుని రోజూ వినే మనిషి ఒక్కరంటే ఒక్కరు దొరికారు. ఆ పాట నేను పాడింది కాదు.

అయిపోయాక అమ్మ ఫోన్ తీసుకుని "విన్నావా? మా అమ్మాయే" అంది.

"బాగా పాడిందండీ" అన్నాను.

కన్నతల్లిని అండీ అన్నాను. ఆపరేషన్ దాచమన్నది నేనే, అబద్ధం మొదలుపెట్టింది నేనే, ఆ సంగతి నాకు తెలుసు. కానీ దాని మీద మేడ కట్టింది నువ్వు. నువ్వే విప్పు. ఫోన్‌లో కాదు, మెసేజ్‌లో కాదు. అమ్మ పక్కన కూర్చుని, మొహం చూసి చెప్పు. నాకు చేతకాదు.

అక్క


ఆగస్టు 26

అక్కా,

చెప్పేశాను. నిన్న పొద్దున, కాఫీ తాగాక. ఆపరేషన్ దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఊళ్ళు తిరగడం అబద్ధమనీ, పాట నేను రాసి యంత్రం చేత పాడించాననీ, అన్నీ.

అమ్మ ప్లేయరు ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత "అయితే మొన్న ఫోన్ చేసినావిడ..." అని ఆగింది. అవునన్నాను. "దానికి ఉప్పునీళ్ళు పుక్కిలించమని చెప్పాను" అంది. అప్పుడు ఏడ్చింది. ఆ తర్వాత నన్ను తిట్టింది చూడు, పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు. నాతో అయ్యాక నిన్ను కూడా తిట్టింది. "గొంతు కోయించుకుని తల్లికి చెప్పదా? నేనేమైనా పరాయిదాన్నా?" అని. తిట్లలో నీ వాటా నీకు అందజేయమంది, అందజేశాను.

కాస్త చల్లబడ్డాక ఒక మాట అంది. "ఆ పాట విన్నప్పుడే నాకు అనుమానం రావాలి. మందులు వేసుకున్నావా అని అది నన్ను అంత మెత్తగా ఎప్పుడు అడిగింది? విసుక్కుంటూ కదూ అడుగుతుంది." ప్లేయరు నా చేతిలో పెట్టేసింది. "ఇది నువ్వు తీసుకెళ్ళు" అంది. అంతే.

పెద్దసారు ఫోన్ ఎత్తడం లేదు. సోమవారం నేనే బయల్దేరి వచ్చి ఆయన గుమ్మంలో కూర్చుంటాను. తీస్తాడన్న నమ్మకం నాకు లేదు. అయినా కూర్చుంటాను. నీ పేరు మీద తీయమని అడిగిన మనిషి ఒకడైనా ఉండాలి కదా.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. అమ్మ ఫోన్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను ఫోన్ ముట్టుకుంటే చెయ్యి మీద కొడుతోంది. పాడొద్దట. రోజూ ఫోన్ చేసి ఏదో ఒకటి మాట్లాడమంటోంది, విసుక్కున్నా సరేనట. ఇన్నాళ్ళూ నీ గొంతు విని ఎవరెవరో నేర్చుకున్నారట, ఈ కొత్త గొంతు తను నేర్చుకోవాలట.

బంతి